కణం తనను తాను తింటుంది… మనిషి మాత్రం తినాల్సిందే

కీమోథెరపీ రోజుల్లో ఆకలి ఎందుకు చచ్చిపోతుంది? కాలేయం ఎందుకు అలసిపోతుంది? పస్తులుంటే కాన్సర్ మాడిపోతుందన్న ప్రచారంలో నిజమెంత? ఈ మూడు ప్రశ్నలకూ ముడి ఒకటే. అది కణం తన పాత సామానును తానే కరిగించి మళ్లీ వాడుకునే పద్ధతి.

‘వదినా, అన్నయ్యకు మూడు రోజులు నీళ్లు తప్ప ఏమీ ఇవ్వకండి. ఒంట్లో ఆకలి ఉంటే మంచి కణాలు కాన్సర్ కణాలను తినేస్తాయట. అది కనిపెట్టినందుకే జపాన్ ఆయనకు నోబెల్ ఇచ్చారట!’

కీమో మొదలైన ఇంటికి ఇలాంటి ఫోన్ ఒకటి రాకుండా ఉండదు. అది పెట్టేలోగా ఇంకో చుట్టం తిప్పతీగ కట్టతో దిగుతాడు. ‘కషాయం కాచి పట్టండి, లివర్ శుభ్రపడుతుంది’ అంటాడు. సాయంత్రం పలకరించడానికి వచ్చిన పెద్దావిడ ఇద్దరినీ కొట్టిపారేస్తుంది. ‘తినకపోతే మనిషి నిలబడేదెట్లా? బతిమాలో బెదిరించో నాలుగు ముద్దలు పెట్టండమ్మా’ అంటుంది. ముగ్గురిదీ అభిమానమే. మూడు సలహాల బరువూ చివరికి పడేది మాత్రం కుడివైపు పక్కటెముకల చాటున ఉండే కిలోన్నర కాలేయం మీద.

ఛత్తీస్‌గఢ్‌లోని రాయ్‌పూర్‌లో పండ్రీ దాటి విధానసభ వైపు వెళ్తుంటే మోవా వస్తుంది. శ్రీ బాలాజీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడికల్ సైన్స్ ఉన్నది ఇక్కడే. నగరంలో జనం ‘మేకాహారా’ అని పిలుచుకునే అంబేడ్కర్ ఆసుపత్రి, టాటీబంధ్‌లో ఎయిమ్స్, నవ రాయ్‌పూర్‌లో బాల్కో మెడికల్ సెంటర్ ఉన్నాయి. రైల్వే కొలువులకో, భిలాయి ఉక్కు కర్మాగారంలో పనికో వచ్చి ఛత్తీస్‌గఢ్‌లోనే ఉండిపోయిన తెలుగు కుటుంబాలు ఎన్నో. వాళ్లలో కాన్సర్ వచ్చినవాళ్లు కొందరు ఇక్కడే చూపించుకుంటారు, కొందరు విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా కాన్సర్ ఆసుపత్రికి రైలెక్కుతారు. ఏ ఊళ్లో మందు ఎక్కించుకున్నా ఇంటికొచ్చాక పడే బాధ ఒకటే. ‘నోట్లో ఇనుము రుచి తగులుతోంది, తాలింపు వాసనకే కడుపులో తిప్పుతోంది, ముద్ద దిగట్లేదు.’

ఈ బాధకు కారణాలను శాస్త్రం ఇప్పుడు చాలావరకు అణువుల స్థాయిలో చెప్పగలుగుతోంది. ఆ కథ మొదలైందీ కాలేయంలోనే.

ఈస్టు చెప్పిన సంగతి

బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియన్ డి డువ్ 1950ల్లో ఎలుక కాలేయాన్ని నూరి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, భాగాలుగా విడదీస్తూ పోతే, కణంలో చెత్తను కరిగించే సంచులు బయటపడ్డాయి. అవే లైసోజోములు. 1962లో అమెరికాలో ఆష్‌ఫర్డ్, పోర్టర్ అనే ఇద్దరు ఎలుక కాలేయానికి గ్లూకగాన్ హార్మోను ఎక్కించి చూస్తే, ఆ సంచుల్లో కణానికి చెందిన ముక్కలే కనిపించాయి. పస్తు ఉన్నప్పుడు ఒంట్లో పెరిగే హార్మోను గ్లూకగాన్. కణం తన భాగాలను తానే కరిగించుకునే ఈ పనికి 1963లో డి డువ్ ఆటోఫజీ అని పేరు పెట్టారు.

తర్వాత పాతికేళ్లు ఈ విషయాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1988లో టోక్యో విశ్వవిద్యాలయంలో యోషినోరి ఓసుమి సొంత ప్రయోగశాల పెట్టుకున్నారు. ఆయన ముందున్నది రోగులు కారు, ఉపవాసాలు చేసేవాళ్లూ కారు, రొట్టెను పొంగించే ఈస్టు. కరిగించే ఎంజైములు లేని ఈస్టు రకాన్ని తీసుకుని, దానికి పోషకాలు ఆపేసి సూక్ష్మదర్శిని కింద పెట్టారు. కొన్ని గంటల్లో కణం లోపలి సంచి చిన్న చిన్న పొట్లాలతో నిండిపోయింది. కణం తన లోపలి సామానును పొట్లాలు కట్టి సంచిలోకి పంపుతోంది. కరిగించే ఎంజైములు లేవు కాబట్టి ఆ పొట్లాలు కరగకుండా కంటికి దొరికిపోయాయి. 1993కల్లా ఈ పనికి కావలసిన 15 జన్యువుల జాడను ఆయన బృందం పట్టుకుంది. 2016 నోబెల్ బహుమతి ఆ పనికే. అందులో కాన్సర్ రోగిని పస్తు ఉంచమన్న మాట ఎక్కడా లేదు.

పాత చీరలు చింపి బొంత కుట్టే ఇంటి తీరే కణానిది కూడా. అరిగిపోయిన మైటోకాండ్రియా, వంకర తిరిగిన ప్రొటీన్లు, పేరుకున్న కొవ్వు బొట్లు, వీటన్నిటినీ పొరతో చుట్టి లైసోజోముకు చేరవేస్తుంది. అక్కడ కరిగిన అమైనో ఆమ్లాలు, కొవ్వు ఆమ్లాలు మళ్లీ వాడకంలోకి వస్తాయి. తిండి పుష్కలంగా ఉన్నప్పుడు ఎంటార్ అనే ప్రొటీన్ ఈ పనిని అణచి ఉంచుతుంది. శక్తి తగ్గినప్పుడు ఏఎంపీకే అనే ఎంజైము దాన్ని మేల్కొలుపుతుంది. అలాగని ఇది ఆకలి వేళకే పరిమితం కాదు. కడుపు నిండా తిన్నవాళ్ల కణాల్లోనూ శుభ్రం చేసే పని తక్కువ మోతాదులో నడుస్తూనే ఉంటుంది.

కాలేయానికి ఇది ప్రాణవాయువు

ఒంట్లో ఈ పని ఎక్కువగా జరిగే చోట్లలో కాలేయం ముందుంటుంది. రెండు రోజులు తిండి ఆపిన ఎలుక కాలేయం తన ప్రొటీన్‌లో 40 శాతం దాకా కరిగించేసుకుంటుంది. అలా వచ్చిన అమైనో ఆమ్లాలతో గ్లూకోజు తయారుచేసి మెదడుకు పంపుతుంది.

ఈ వ్యవస్థ లేకపోతే ఏమవుతుందో 2005లో జపాన్ శాస్త్రవేత్త మసాకి కొమత్సు బృందం చూపించింది. ఎలుకల కాలేయంలో ఆటోఫజీకి అవసరమైన ఒక జన్యువును తొలగిస్తే, కాలేయం ఉబ్బిపోయింది, కణాల్లో చెడ్డ ప్రొటీన్లు గడ్డకట్టాయి, మైటోకాండ్రియా ఆకారాలు చెడిపోయాయి. 2009లో న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టైన్ వైద్య కళాశాలలో రజత్ సింగ్, ఆయన సహచరులు ఇంకో సంగతి తేల్చారు. కాలేయ కణాల్లో చేరే కొవ్వును కరిగించడంలోనూ ఆటోఫజీకి పెద్ద పాత్ర ఉంది. అది ఆగితే కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. 2011లో మరో రెండు బృందాలు గమనించిందేమిటంటే, ఈ పని శాశ్వతంగా ఆగిపోయిన ఎలుక కాలేయాల్లో గడ్డలు కూడా పుట్టాయి. ఆరోగ్యంగా ఉన్న కాలేయానికి ఆటోఫజీ అంటే కాన్సర్ రాకుండా కాసే కాపలా అన్నమాట.

కీమో మందు దగ్గర ఈ కాపలాకు అసలు పరీక్ష. చాలా కీమో మందులను విరగ్గొట్టేది, బయటికి పంపేది కాలేయమే. పెద్దపేగు కాన్సర్‌కు వాడే 5-ఫ్లోరోయురాసిల్ కాలేయంలో కొవ్వు చేర్చగలదు. ఇరినోటెకాన్ కొందరిలో కొవ్వుతో పాటు వాపునూ తెస్తుంది. ఆక్సాలిప్లాటిన్ కాలేయంలోని సన్నటి రక్తనాళాలను దెబ్బతీస్తుంది. శస్త్రచికిత్సకు పొట్ట తెరిచినప్పుడు కాలేయం నీలంగా కనపడితే సర్జన్లకు విషయం అర్థమైపోతుంది. కొవ్వు బొట్లను కరిగించడం, దెబ్బతిన్న మైటోకాండ్రియాను ఏరివేయడం అనే రెండు పనులు కణం ఎంత చురుగ్గా చేసుకోగలిగితే ఈ దెబ్బలను తట్టుకోవడం అంత తేలిక. మితిమీరి పారాసిటమాల్ ఇచ్చిన ఎలుకల మీద 2012లో వచ్చిన పరిశోధన కూడా ఈ మాటే చెప్పింది. ఆటోఫజీని అడ్డుకుంటే కాలేయం ఎక్కువగా చెడింది, పెంచితే కాస్త నిలదొక్కుకుంది.

అందుకే ప్రతి కీమో సైకిలుకు ముందు ఎల్‌ఎఫ్‌టీ అనే కాలేయ పరీక్ష రాస్తారు. కాగితం మీద బిలిరుబిన్ పెరిగిందంటే డాక్సోరుబిసిన్ వంటి మందుల మోతాదు తగ్గించాల్సి వస్తుంది. కాలేయం ఆ మందును సకాలంలో వదిలించుకోలేకపోతే రక్తంలో అది ఎక్కువసేపు ఉండిపోయి రక్తకణాలను, నోటి పొరను మరింత దెబ్బతీస్తుంది. ఎస్‌జీపీటీ అనే కాలేయ ఎంజైము గరిష్ట హద్దుకు 5 రెట్లు దాటితే మామూలుగా మందు ఆపి, కోలుకునేదాకా ఆగుతారు. ‘ఈసారి కీమో వాయిదా వేశారు’ అని ఇంట్లోవాళ్లు దిగులుపడే సందర్భాల్లో కొన్ని ఇవే. ఆ వాయిదా కాలేయానికి ఊపిరి తీసుకునే వ్యవధి.

భీమవరం కుర్రాడు తెచ్చిన రెండు కొసలు

ఈ కథలో ఒక తెలుగువాడి పేరు రెండు చోట్ల తగులుతుంది. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, 1923లో హార్వర్డ్ చేరిన యల్లాప్రగడ సుబ్బారావు ఆయన.

కణం శక్తిని దాచుకునే అణువు ఏటీపీ. 1929లో సైరస్ ఫిస్క్‌తో కలిసి సుబ్బారావు దాన్ని ప్రకటించిన వ్యాసం శీర్షికలోనే కండరం, కాలేయం రెండూ ఉన్నాయి. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనిపెట్టారు. ఆటోఫజీ కథకూ ఆ అణువే కీలకం. ఏటీపీ ఖర్చయి ఏఎంపీ పెరిగిందని ఏఎంపీకే పసిగడితేనే గదా, కణం పాత సామాను కరిగించడం ఉధృతమయ్యేది.

రెండో కొస కీమోథెరపీ. 1940లో లెడర్లే ప్రయోగశాలలకు మారాక, సుబ్బారావు నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. అక్కడి నుంచి దాని పనిని అడ్డుకునే మందులు పుట్టాయి. వాటిలో ఒకటైన అమినాప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకీమియా పిల్లలకు ఇచ్చారు. 1948 జూన్‌లో వెలువడిన ఆ నివేదికలో 16 మంది పిల్లలకు 10 మందిలో వ్యాధి కొంతకాలం తగ్గుముఖం పట్టింది. ఆ కుదురు మందే మెథోట్రెక్సేట్. పిల్లల ల్యుకీమియాకు, ఎముక కాన్సర్‌కు నేటికీ వాడుతున్నారు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు.

మెథోట్రెక్సేట్‌కు కాలేయం మీద ప్రభావం ఉంది. ఎక్కువ మోతాదు ఇచ్చినప్పుడు కాలేయ ఎంజైములు తాత్కాలికంగా పైకి లేస్తాయి. చిన్న మోతాదుల్లో ఏళ్ల తరబడి వాడితే, ముఖ్యంగా మద్యం అలవాటు ఉన్నవాళ్లలో, కాలేయం గట్టిపడే ప్రమాదం ఉంటుంది. ఇప్పసారా పండగల్లో కలిసిపోయిన ఛత్తీస్‌గఢ్‌లో ‘మందు వాడేటప్పుడు మందు వద్దు’ అని డాక్టర్లు చెప్పే మాటను హాస్యంగా తీసుకోకూడదు. కణం శక్తిని దాచుకునే అణువునూ, కాలేయాన్ని పరీక్షకు పెట్టే మందునూ రెంటినీ తాకిన మనిషి ఒక్కడే, అదీ మనవాడే కావడం ఈ శాస్త్రంలో అరుదైన ముచ్చట.

ఆకలి ఎక్కడ పోయింది?

‘వాంతుల బిళ్ల వేశారు, వాంతులు ఆగాయి. మరి ఆకలెందుకు రాదు?’ ఇంటివాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. జవాబు సులువే. వికారం, ఆకలి లేకపోవడం రెండూ ఒకటి కావు.

కీమో మందు పేగుల్లోని కొన్ని కణాల నుంచి సెరటోనిన్‌ను వెళ్లగొడుతుంది. ఆ కబురు వేగస్ నరం మీదుగా మెదడుకు చేరి వాంతి తెప్పిస్తుంది. వాంతుల బిళ్ల ఓండాన్‌సెట్రాన్ ఆపేది ఆ కబురునే. దీనితో సంబంధం లేని దారి ఇంకొకటుంది. కణాలు ఒత్తిడిలో పడ్డప్పుడు, ముఖ్యంగా మైటోకాండ్రియా దెబ్బతిన్నప్పుడు, జీడీఎఫ్-15 అనే ప్రొటీన్ రక్తంలో పెరుగుతుంది. దాన్ని వదిలే అవయవాల్లో కాలేయం, మూత్రపిండాలు ఉన్నాయి. మెదడు కింది భాగంలో దాని గ్రాహకం ఉందని 2017లో నాలుగు బృందాలు విడివిడిగా బయటపెట్టాయి. ఆ గ్రాహకం మేలుకుంటే తిండి మీద ఏవగింపు పుడుతుంది, బరువు తగ్గుతుంది. సిస్ప్లాటిన్ వంటి ప్లాటినం మందులు జీడీఎఫ్-15ను పెంచుతాయి. దాన్ని అడ్డుకుంటే కీమో ఎక్కించిన ఎలుకలూ కోతులూ మళ్లీ మేత ముట్టాయని 2020లో తేలింది.

కణాల్లో జరిగే శుభ్రతకూ ఆకలికీ ముడిపడేది ఇక్కడే. చెడిన మైటోకాండ్రియాను ఏరివేసే పని సరిగా సాగితే ఒత్తిడి కబుర్లు తగ్గాలి. వెనకబడితే పెరగాలి. 2013లో ఎలుకల కండరాల్లో ఆటోఫజీని ఆపేసిన కొరియా పరిశోధకులకు ఎఫ్‌జీఎఫ్-21 అనే మరో ఒత్తిడి హార్మోను రక్తంలో పెరిగి కనిపించింది. మెదడులో లెక్క వేరు. రజత్ సింగ్ బృందమే 2011లో చూపిన ప్రకారం, ఆకలి పుట్టించే నరకణాల్లో ఆటోఫజీ జరిగితేనే పస్తున్న ఎలుకకు గట్టిగా ఆకలి వేస్తుంది. దాన్ని తీసేస్తే ఎలుక తక్కువ తింటుంది, సన్నబడుతుంది. ఒకే యంత్రం మెదడులో ‘తిను’ అనిపిస్తుంటే, మిగతా ఒంట్లో చెడిన సామాను పేరుకుని ‘వద్దు’ అనిపిస్తోంది. కీమో రోజుల్లో వద్దనే వైపుదే పైచేయి.

ఈ అవగాహన చికిత్సలోకి దిగుతోంది. జీడీఎఫ్-15ను పట్టుకునే పొన్‌సెగ్రోమాబ్ అనే ప్రతిరక్షకాన్ని బరువు క్షీణిస్తున్న 187 మంది కాన్సర్ రోగుల్లో పరీక్షించారు. 2024లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, 12 వారాల్లో ఎక్కువ మోతాదు అందుకున్నవాళ్లు ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లకంటే సుమారు 2.8 కిలోలు మెరుగ్గా ఉన్నారు. అది ఇంకా పరీక్షల దశలోని మందు.

మన దగ్గర చవకగా దొరికే మందు మీద ఫలితం అంతకుముందే వచ్చింది. పుదుచ్చేరి జిప్మర్ వైద్యులు జీర్ణాశయం, ఊపిరితిత్తులు, కాలేయం-క్లోమం ప్రాంతపు కాన్సర్లకు కీమో తీసుకుంటున్న 124 మందికి, కొందరికి రోజూ 2.5 మిల్లీగ్రాముల ఓలాంజపిన్, కొందరికి ఉత్తుత్తి బిళ్ల 12 వారాలు ఇచ్చి చూశారు. మనోవ్యాధులకు ఎన్నో ఏళ్లుగా వాడుతున్న మందే ఇది, ఇక్కడ ఇచ్చింది చాలా చిన్న మోతాదు. 2023లో వచ్చిన ఫలితాల్లో, ఓలాంజపిన్ తీసుకున్నవాళ్లలో 60 శాతం మంది బరువు 5 శాతానికి మించి పెరిగింది. రెండో గుంపులో ఆ సంఖ్య 9 శాతం. ఆకలి మెరుగైనవాళ్లు మొదటి గుంపులో 43 శాతం, రెండో గుంపులో 13 శాతం. మగత రావచ్చు, చక్కెర పెరగవచ్చు కాబట్టి ఇది డాక్టరు రాస్తేనే వేసుకోవాలి. కానీ ‘ఆకలికి మందేమైనా ఉందా సార్?’ అని అడగడానికి మాత్రం ఎవరూ మొహమాటపడక్కర్లేదు.

రెండంచుల కత్తి

మరి పస్తు ఉంటే ఆటోఫజీ పెరుగుతుంది గదా, కాలేయానికి మంచిదే గదా అన్న ప్రశ్న మిగిలే ఉంది. చిక్కేమిటంటే, కాన్సర్ కణానికీ ఇదే యంత్రం ఉంది. రక్తం సరిగా అందని గడ్డ లోపల కణాలు పాత సామాను కరిగించుకునే బతుకుతాయి. కీమో దెబ్బ తగిలినప్పుడు వాటిలో కొన్ని తేరుకునేదీ ఇలాగే.

అంతకంటే విడ్డూరం 2018లో బయటపడింది. అమెరికాలో ఎలుకల మీద జరిగిన ఆ పరిశోధనలో, గడ్డను ముట్టుకోకుండా కాలేయంలో మాత్రమే ఆటోఫజీని ఆపారు. కాలేయం ఆర్జినేజ్ అనే ఎంజైమును రక్తంలోకి వదిలేసింది, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం తగ్గిపోయింది, గడ్డ ఎదుగుదల మందగించింది. అంటే ఆరోగ్యంగా పనిచేస్తున్న కాలేయం గడ్డకూ మేత అందిస్తోంది. పోనీ, ఆటోఫజీని పూర్తిగా ఆపేద్దామా అంటే, 2014లో అదే దారిలో వెళ్లిన శాస్త్రవేత్తలకు గట్టి హెచ్చరిక ఎదురైంది. ఒళ్లంతా ఆటోఫజీ ఆపిన ఎలుకల్లో గడ్డలు తగ్గాయి. కానీ వాటిని ఒక్క రోజు పస్తు ఉంచేసరికి రక్తంలో చక్కెర పడిపోయి చనిపోయాయి. పస్తులో ప్రాణం నిలిపేది కాలేయం చేసే ఈ పనేనని ఇంతకంటే సూటిగా చెప్పే ప్రయోగం లేదు.

మనుషుల్లో ఆటోఫజీని అడ్డుకోవడానికి మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను కీమోకు జోడించి చూశారు. క్లోమ కాన్సర్ ఉన్న 112 మందిలో జరిపిన పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. గడ్డ కుంచించుకుపోయినవాళ్లు పెరిగారు. ఏడాది బతికినవాళ్ల సంఖ్య మాత్రం పెరగలేదు. పెంచే వైపు, అంటే ఉపవాసం వైపు చూస్తే, నెదర్లాండ్స్‌లో రొమ్ము కాన్సర్ ఉన్న 131 మంది మీద కీమో రోజుల్లో పస్తును పోలిన పథ్యాన్ని పరీక్షించారు. 2020లో వెలువడిన ఆ ఫలితాల్లో కొన్ని ఆశాజనకమైన సూచనలు ఉన్నా, తీవ్రమైన దుష్ప్రభావాల్లో పెద్ద తేడా రాలేదు. అన్ని సైకిళ్లలోనూ ఆ పథ్యం పాటించగలిగింది ఐదోవంతు మందే. అదీ డాక్టర్ల పర్యవేక్షణలో, లెక్కగట్టి ఇచ్చిన పథ్యం. ఇంట్లో ఏకాదశి ఉపవాసాన్ని మూడు రోజులకు సాగదీయడానికి అది ఆధారం కాదు.

మన రోగుల్లో చాలామంది ఆసుపత్రి మెట్లెక్కేసరికే బరువు తగ్గి ఉంటారు. వాళ్ల ఒంట్లో ఆటోఫజీకి కొరత లేదు. పైగా కాన్సర్ వాపు వల్ల కండరం కరుగుతూనే ఉంటుంది. అలా వచ్చిన అమైనో ఆమ్లాలతో కాలేయం సీఆర్‌పీ వంటి వాపు ప్రొటీన్లు తయారుచేస్తూ, ఆల్బుమిన్ తయారీ తగ్గించేస్తుంది. ‘ఆల్బుమిన్ పడిపోయింది, గుడ్డు తెల్లసొన పెట్టండి’ అన్న సలహా మంచిదే. కానీ ఎన్ని తెల్లసొనలు పెట్టినా ఆ సంఖ్య వెంటనే లేవకపోవడానికి కారణం ఇదే. అది రోగి మొండితనమూ కాదు, వండినవాళ్ల లోపమూ కాదు.

గాజు పళ్లెంలో కణాలు, కంచంలో అన్నం

ఇక తిండి మాట. రాయ్‌పూర్‌లోని మోవా నుంచి దూరం కాని చోట ఇందిరా గాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. వేల రకాల దేశవాళీ వరి విత్తనాలను అక్కడ దాచి ఉంచారు. 2018లో ఆ విశ్వవిద్యాలయమూ ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రమూ కలిసి గఠ్వన్, మహారాజీ, లైచా అనే మూడు ఛత్తీస్‌గఢ్ రకాల్లో కాన్సర్ కణాల పెరుగుదలను అడ్డుకునే గుణం ఉందని ప్రకటించాయి. ఊపిరితిత్తుల, రొమ్ము కాన్సర్ కణాల మీద ఆ బియ్యపు సారాన్ని ప్రయోగించి చూశారు. పత్రికల్లో వచ్చిందే తడవు, ‘లైచా బియ్యం తింటే కాన్సర్ తగ్గుతుందట’ అని ప్రచారం మొదలైంది.

గాజు పళ్లెంలో పెంచిన కణాల మీద సారం చల్లడం వేరు, కంచంలో అన్నం తినడం వేరు. తిన్న అన్నం జీర్ణమై, ముందుగా కాలేయం గుండా వెళ్లి, అక్కడ మారిపోయాక గానీ మిగతా ఒంటికి అందదు. దేశవాళీ బియ్యం రుచిగా ఉంటే తినండి, మంచిదే. కీమోకు బదులుగా మాత్రం కాదు.

ఛత్తీస్‌గఢ్‌లో బోరే బాసీ అంటే మన చద్దన్నమే. రాత్రి అన్నంలో నీళ్లు పోసి, పొద్దున్నే ఉల్లిపాయతో తింటారు. 2022లో ఆ రాష్ట్ర ప్రభుత్వం మే 1న శ్రామికుల గౌరవార్థం బోరే బాసీ దినం జరిపింది. ఎండలో పనిచేసేవాళ్లకు అది చలవే. కీమో తర్వాత తెల్ల రక్తకణాల కౌంట్ పడిపోయిన రోజుల్లో మాత్రం రాత్రంతా బయట ఉన్న అన్నంలో పెరిగే సూక్ష్మజీవులు ప్రమాదం తేగలవు. ఆ రోజుల్లో వేడివేడిగా వండిందే పెట్టాలి. చద్దన్నం ఇష్టపడేవాళ్లకు మెత్తగా వండిన అన్నంలో అప్పుడే తోడుకున్న పెరుగు కలిపి ఇస్తే సగం కోరిక తీరుతుంది. బియ్యప్పిండిని ఆవిరి మీద ఉడికించే ఛత్తీస్‌గఢ్ ఫరా కూడా మన ఇడ్లీలాగే నోటికి సుఖంగా ఉంటుంది. నూనె వాసన రాదు, కారం లేదు.

‘లివర్ కడిగే’ కషాయాలు

కామెర్లు అనగానే పసరు మందు అన్న అలవాటు మన దగ్గరా ఛత్తీస్‌గఢ్‌లోనూ ఉంది. కోవిడ్ కాలంలో తిప్పతీగ ఇంటింటికీ చేరింది. దాని తర్వాత కాలేయం దెబ్బతిని వచ్చిన 43 మంది రోగుల వివరాలను దేశంలోని 13 కేంద్రాల నుంచి సేకరించి 2022లో ప్రచురించారు. హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి వైద్యులు అందులో ముందున్నారు. చాలామందిలో అది ఒంటి రోగనిరోధక శక్తి కాలేయం మీదకే తిరగబడే తరహా వ్యాధి. ఆయుష్ మంత్రిత్వ శాఖ తిప్పతీగ సురక్షితమని వాదిస్తూ వచ్చింది. ఆ వాదం ఎటు తేలినా, కీమోలో ఉన్న మనిషికి సంబంధించినంత వరకు సంగతి స్పష్టమే. కాలేయం ఎంజైములు పెరిగితే, అది మందు వల్లా, కషాయం వల్లా, కాన్సర్ పాకడం వల్లా, హెపటైటిస్ వల్లా అని డాక్టరు తేల్చుకోవాలి. మధ్యలో పేరు తెలియని పసరు ఒకటి చేరితే ఆ లెక్క తేలదు, చికిత్స ఆగిపోతుంది.

హెపటైటిస్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. కొందరిలో హెపటైటిస్-బి వైరస్ ఏళ్ల తరబడి సద్దుమణిగి ఉంటుంది. కీమో రోగనిరోధక శక్తిని తగ్గించగానే అది ఒక్కసారిగా లేచి కాలేయాన్ని కుప్పకూల్చగలదు. రిటుక్సిమాబ్ అనే మందు వాడే లింఫోమా రోగుల్లో ఈ ముప్పు మరీ ఎక్కువ. మొదటి సైకిలుకు ముందే రక్తపరీక్ష చేయించుకుంటే, వైరస్‌ను అణిచే బిళ్లలతో ఈ ప్రమాదాన్ని తప్పించవచ్చు. కషాయానికి పెట్టే ఖర్చు ఈ పరీక్షకు పెడితే కాలేయానికి అసలైన మేలు.

కంచం దగ్గర, ఆసుపత్రి దగ్గర

ఐరోపా పోషకాహార వైద్యుల సంఘం కాన్సర్ రోగులకు కిలో బరువుకు రోజుకు 25 నుంచి 30 కేలరీలు, 1 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ అవసరమంటుంది. 50 కిలోల మనిషికి 50 నుంచి 75 గ్రాముల ప్రొటీన్. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, పెద్ద గ్లాసు పాలలో 8 గ్రాములు ఉంటాయి. మూడు పూటల్లో ఇంత తినడం కీమో మనిషికి అసాధ్యం. అందుకే రోజును ఆరేడు చిన్న వేళలుగా విడగొట్టాలి. నెయ్యి వేసిన ముద్దపప్పు నాలుగు ముద్దలు, గంటన్నర ఆగి పాలు పోసిన రాగి జావ, మరోసారి ఉడికించిన గుడ్డు, రాత్రికి పెసరకట్టు అన్నం. పొద్దున ఆకలి కాస్త ఎక్కువగా ఉంటుంది కాబట్టి బలమైన తిండి ఆ వేళకే పెట్టడం తెలివి. వండేటప్పుడు రోగిని వంటింటికి దూరంగా కూర్చోబెట్టాలి. కూర చల్లారాక వాసన తగ్గుతుంది. ఇనుము రుచి బాధిస్తుంటే స్టీలు చెంచా పక్కన పెట్టి చెక్కదో ప్లాస్టిక్‌దో వాడవచ్చు. నోటిపూత లేకపోతే నిమ్మరసం చుక్క సాయపడుతుంది.

జ్వరం విషయంలో ఆలస్యం పనికిరాదు. 100.4 ఫారెన్‌హీట్ దాటితే పారాసిటమాల్ వేసి పడుకోబెట్టడం కాదు, వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయాలి. కౌంట్ తక్కువగా ఉన్నప్పుడు బిళ్ల జ్వరాన్ని కప్పేస్తుందే గానీ ఇన్‌ఫెక్షన్‌ను ఆపదు. తిండి సరిగా లేని ఒంట్లో ఆ బిళ్ల విషాన్ని విరిచే గ్లూటాథయోన్ కూడా తక్కువగా ఉంటుంది. కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, ఒళ్లంతా దురద, పొట్ట ఉబ్బడం, మాటలో తికమక, ఇవి కనిపిస్తే తర్వాతి సైకిలు దాకా ఆగకూడదు.

అన్నిటికంటే తేలికైన పరీక్ష ఇంట్లోనే ఉంది. వారానికోసారి ఒకే వేళకు బరువు చూసి, తేదీతో రాసి ఉంచాలి. ఆరు నెలల్లో 5 శాతానికి మించి తగ్గితే వైద్యశాస్త్రం దాన్ని క్షీణత అంటుంది. 60 కిలోల మనిషిలో అది మూడు కిలోలు. ఆ కాగితం డాక్టరు ముందు పెట్టి, ‘ఆకలికి మందు రాస్తారా? డైటీషియన్‌ను కలవమంటారా? హెపటైటిస్-బి పరీక్ష చేశారా?’ అని అడిగితే చాలు. ఆకలి చచ్చిపోవడం రోగి చేసిన తప్పు కాదు. దగ్గులాగో నొప్పిలాగో అది కూడా ఒక లక్షణం. లక్షణానికి వైద్యం అడగాలి గానీ, మనిషిని తిట్టీ పస్తు పెట్టీ సరిచేయలేం.